పండుగ కట్టిన ప్రేమకథలు: తిరుమల శృంగార సాహిత్యం, దాని కర్తలు

ఒక పండుగను కథాకాలంగా తీసుకుని, ఆ పండుగ రోజుల్లోనే ఇద్దరి మధ్య వలపు పుట్టి, చిక్కుపడి, పెళ్లిపీటల దాకా చేరే కథలను పండుగ ప్రేమకథలు అనవచ్చు. ఇంగ్లీషులో క్రిస్మస్ ప్రేమ నవలలకు పెద్ద మార్కెట్ ఉంది. మిల్స్ అండ్ బూన్, హార్లెక్విన్ వంటి సంస్థలు ఏటా చలికాలానికి ముందే వాటిని విడుదల చేస్తాయి. ఆ నవలల్లో పండుగ ఒక గడువు: అలిగినవాళ్లు డిసెంబరు 25 లోపల కలుసుకోవాలి, పుస్తకం అక్కడితో ముగియాలి. తెలుగు నవలలో ఇలాంటి ప్రత్యేక శాఖ స్థిరపడలేదు. కానీ పండుగకూ ప్రేమకథకూ ముడివేసిన తెలుగు సాహిత్యం ఆరు వందల ఏళ్లుగా తిరుమల కొండ చుట్టూ పెరుగుతూనే ఉంది.

ఈ సాహిత్యంలో నాయకుడు వేంకటేశ్వరుడు, నాయిక అలమేలుమంగ, లేదా పద్మావతి, గోదాదేవి, చెంచులక్ష్మి, బీబీ నాంచారి. కథ ఎలా ముగుస్తుందో వినేవారందరికీ ముందే తెలుసు. ఏ మలుపు ఎప్పుడు రావాలో పంచాంగం చెబుతుంది. ధనుర్మాసంలో విరహం, వైకుంఠ ఏకాదశి వెళ్లిన ఆరో రోజున అలక, కనుమనాడు గోదాదేవి మాల, వైశాఖంలో పెళ్లి, కార్తికంలో సారె. పైగా మరుసటి ఏడాది కథ మళ్లీ మొదటికి వస్తుంది. పెళ్లితో ముగిసిపోయే వీలు లేని ప్రేమకథ ఇది. అందువల్ల ఈ కవుల ప్రతిభ అంతా సంభాషణలోనూ, ఇంటి నుడికారంలోనూ, చిన్న చిన్న చేష్టల వర్ణనలోనూ కనిపిస్తుంది.

వరుసలో మొదట చెప్పవలసింది గోదాదేవి కథ. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు పెంచిన ఈ కవయిత్రి తమిళంలో తిరుప్పావై, నాచ్చియార్ తిరుమొళి అని రెండు కృతులు చెప్పింది. తిరుప్పావైలోని 30 పాశురాలు మార్గశిర వ్రతానివి. నెలంతా సాగే ఆ పండుగకు కన్నెపిల్లలు తెల్లవారకముందే ఒకరినొకరు లేపుకుంటూ స్వామి వాకిటికి వెళతారు. రెండో కృతిలో వేంకటగిరి మీది స్వామికి ఆమె మేఘాల చేత కబురు పంపుతుంది. అదే కృతిలో తన పెళ్లిని కలగని, ఒక్కొక్క తంతునూ చెలికి చెబుతుంది. తిరుమలలో నేటికీ ధనుర్మాసమంతా సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. ఆ నెలలో మూలమూర్తికి శ్రీవిల్లిపుత్తూరు చిలుకలను అలంకరిస్తారు. రాత్రి ఏకాంతసేవలో పవళించే భోగశ్రీనివాసమూర్తి స్థానంలో శ్రీకృష్ణుని ఉంచుతారు. గోద వలచింది కృష్ణుణ్ణి కాబట్టి ఆ నెలకు నాయకుడు కూడా మారతాడన్నమాట. కావ్యంలోని భావం ఆలయ దినచర్యను ఇంత నేరుగా మార్చిన సందర్భాలు అరుదు.

ఆ కథను తెలుగులోకి తెచ్చినవాడు శ్రీకృష్ణదేవరాయలు. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి, గోదతో తన పెళ్లిని తెలుగులో చెప్పమన్నాడని ఆముక్తమాల్యద అవతారిక చెబుతుంది. కావ్యాన్ని రాయలు తిరుమలేశునికే అంకితమిచ్చాడు. మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో రాయల రాగి విగ్రహం ఉంది. పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి, ముగ్గురూ చేతులు జోడించి నిలబడి ఉంటారు. మాల ముడిచి ఇచ్చిన పడుచు కథ రాసిన రాజు ఇద్దరు భార్యలతో వచ్చి గుమ్మం దగ్గరే ఆగినట్టుంటుంది ఆ దృశ్యం. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి గోదాదేవి మాల కొండకు వస్తుంది. అక్కడ ఆమె కల్యాణానికి ఇక్కడి నుంచి మాల వెళుతుంది. కనుమనాడు తిరుమలలో గోదాపరిణయోత్సవం, పారువేట ఒకేరోజు జరుగుతాయి. పొద్దున పెద్దజీయరు మఠం నుంచి గోదాదేవి మాలలు గుడికి చేరతాయి. తరవాత స్వామి పారువేట మండపానికి వేటకు బయలుదేరతాడు.

పండుగే ప్రేమకథగా నడవడం ఎలా ఉంటుందో ప్రణయకలహోత్సవంలో బాగా తెలుస్తుంది. తిరుమలేశుని ఉత్సవమూర్తి మలయప్పస్వామి ఒక పల్లకిలో వరాహస్వామి ఆలయం వైపు వస్తాడు. శ్రీదేవి, భూదేవి వేరే పల్లకీలలో ఎదురువస్తారు. రెండు పక్షాలూ ముఖాముఖి నిలవగానే అమ్మవార్ల తరఫున అర్చకులు పూలబంతులు విసురుతారు. మూడుసార్లు. విసిరినప్పుడల్లా స్వామి పల్లకి మోసేవాళ్లు బెదిరినట్టు వెనక్కి అడుగులు వేస్తారు. నమ్మాళ్వార్ పాశురాలను నిందాస్తుతిగా చదువుతారు. అందులో అమ్మ నిష్ఠూరాలాడుతుంది, స్వామి నేరమేమీ లేదని బతిమాలుకుంటాడు. చివరికి అలక తీరి అందరూ కలిసి గుడికి తిరిగివస్తారు. అలిగినవారు, అలక తీర్చేవారు, తగవు చూసే ఊరివారు, అందరూ అక్కడే ఉంటారు. కథకు కావలసిన పాత్రలన్నీ ఆ వీధిలోనే దొరుకుతాయి.

ఈ అలకకు తెలుగు మాట ఇచ్చినవాడు తాళ్లపాక అన్నమాచార్యుడు. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో 1408లో పుట్టి, 1503 వరకు జీవించాడు. ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల మొదటి వాక్యం ప్రకారం క్రోధి సంవత్సరంలో, అంటే 1424లో, పదహారో ఏట సంకీర్తనలు మొదలుపెట్టాడు. 32,000 చెప్పాడని ప్రసిద్ధి. దొరికినవి సుమారు 12,000. రేకులు చెక్కించిన కాలానికే వాటిని అధ్యాత్మ, శృంగార సంకీర్తనలని రెండుగా విడదీశారు. అందులో చాలా ఎక్కువ భాగం శృంగారమే. ఈ లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు. కచేరీలలో వినిపించే అన్నమయ్య ముఖ్యంగా వైరాగ్యకవి, భక్తికవి. రేకుల మీద ఉన్న అన్నమయ్య మాత్రం మొదట ప్రేమకథల కవి.

ఆయన శృంగార సంకీర్తన ఒక్కొక్కటి ఒక చిన్న సన్నివేశం. పల్లవిలో తగవు ఏమిటో తెలుస్తుంది, చరణాల్లో దాని పూర్వాపరాలు బయటపడతాయి. మాట్లాడేది ఎక్కువగా చెలికత్తె. ఆమె ఒకసారి నాయిక పక్షాన స్వామిని నిలదీస్తుంది, మరోసారి అలిగిన అమ్మకు సర్దిచెబుతుంది. విడెం, కప్పురం, పన్నీరు, చెమట పట్టిన నుదురు, జారిన కొప్పు, ఇవన్నీ ఇంటి వస్తువుల్లా వస్తాయి. శుక్రవారపు అభిషేకాన్ని వర్ణించిన కీర్తనను దీనికి ఉదాహరణగా చూడవచ్చు. సొమ్ములు తీసిపెట్టిన స్వామికి పన్నీరు, కప్పురం, పునుగు పట్టించేదాకా అర్చకుల క్రమమంతా అందులో ఉంది. ఆ క్రమమంతటా అలమేలుమంగ స్వామిని అంటిపెట్టుకుని ఉంటుంది. కైంకర్యాల పట్టికగా మిగిలిపోయే విషయం ఆమె ఉండటం వల్ల దాంపత్య దృశ్యంగా మారింది. బ్రహ్మోత్సవాల వాహనాలను వరసగా చెప్పిన కీర్తనలోనూ నడక ఇలాంటిదే. అక్కడ కూడా అలమేలుమంగ స్వామి వెంటే ఉంటుంది.

అన్నమయ్య శృంగారమంజరి అనే ద్విపద కావ్యం కూడా రాశాడు. ఆయన కొడుకు పెదతిరుమలాచార్యుడు శృంగార దండకం, శృంగార వృత్తపద్య శతకం రాశాడు. మనుమడు చినతిరుమలాచార్యుడు సంకీర్తన లక్షణాన్ని తెలుగులో కూర్చాడు. మరో మనుమడు చిన్నన్న అష్టమహిషీకల్యాణం, ఉషాకల్యాణం అని ద్విపదలు చెప్పాడు. ఇంతమంది ప్రేమకథాకర్తలు ఒకే ఇంట పుట్టడం తెలుగు సాహిత్యంలో మరోచోట కనిపించదు. ఇంకొక విశేషముంది. తిరుమలలో జరిగే కల్యాణోత్సవంలో కన్యాదాత స్థానం తాళ్లపాక వంశీకులది. నాయిక అలకను పాటకట్టిన ఇల్లే ఆమెకు పుట్టిల్లు అయింది. రాసినవాడికీ రాయబడిన పాత్రకూ ఇంత దగ్గరి చుట్టరికం పెట్టిన సంప్రదాయం ఇది.

అన్నమయ్య భార్య తిమ్మక్క రాసిన సుభద్రాకల్యాణం ఈ వరుసలో చేరదగినదే. తెలుగులో తొలి కవయిత్రిగా ఆమెను చాలామంది పరిశోధకులు గుర్తిస్తారు. వ్యాసభారతంలో అర్జునుడు సుభద్రను మొదటిసారి చూసేది రైవతక పర్వతం మీద, యాదవుల ఉత్సవంలో. కొండమీది పండుగలో పుట్టిన వలపు కథను, మరో కొండ పండుగల మధ్య బతికిన ఇల్లాలు ఎంచుకోవడం యాదృచ్ఛికం అనిపించదు. ఆమె ద్విపద తెలుగింటి పెళ్లి ముచ్చట్లలో నిలిచి నిదానంగా సాగుతుంది, ఆడవాళ్ల నోళ్లలో పాటగా నడవడానికి వీలుగా ఉంటుంది.

మూడు శతాబ్దాల తరవాత వచ్చిన తరిగొండ వెంగమాంబ (1730–1817) రచనల్లో ఈ ధోరణి మరింత బలపడింది. వాయల్పాడు దగ్గరి తరిగొండ ఆమె ఊరు. చిన్నతనంలోనే భర్త పోయాడు. తన భర్త స్వామియేనని చెప్పి ఆమె పసుపుకుంకుమలు తీయడానికి ఒప్పుకోలేదు. ఊళ్లో ఎదురైన కష్టాల తరవాత తిరుమల చేరి జీవితాంతం అక్కడే ఉంది. శతకంతో మొదలుపెట్టి యక్షగానాలు, ద్విపదలు, పద్యకావ్యాలు రాసింది. చెంచునాటకం, రుక్మిణీనాటకం, గోపీనాటకం, విష్ణుపారిజాతం, జలక్రీడావిలాసం, పేర్లు చూస్తేనే ఆమె మనసు ఎటు ఉందో తెలుస్తుంది. లోకం వైధవ్యం విధించిన స్త్రీ పెళ్లికథలు, అలక కథలు ఇన్ని రాసింది. వాటిని భక్తి అనే ఒక్క మాటతో సరిపెడితే ఆ రచనల్లోని తెగువ కనిపించదు.

ఆమె వేంకటాచల మాహాత్మ్యంలోని శ్రీనివాస పద్మావతుల కథకు మూలం పురాణాల్లో ఉంది. వేటకు వచ్చిన శ్రీనివాసుడు ఏనుగును తరుముతూ నారాయణవనం తోటలో అడుగుపెడతాడు. పూలు కోస్తున్న ఆకాశరాజు కూతురిని చూస్తాడు. మాటా మాటా పెరిగి చెలికత్తెలు రాళ్లు రువ్వుతారు, గుర్రం చచ్చిపోతుంది, నాయకుడు కాలినడకన కొండెక్కి మంచం పడతాడు. అతని పెంపుడుతల్లి వకుళమాత పెళ్లి మాట్లాడటానికి బయలుదేరుతుంది. ఆమె చేరేలోగా శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం వేసుకుని రాజుగారి ఇంట్లో సోదె చెబుతాడు. పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు, పత్రానికి సాక్షులుగా బ్రహ్మ, శివుడు, రావిచెట్టు. ఇంత లోకానుభవం ఉన్న ప్రేమకథ పురాణాల్లో అరుదు. వియ్యపురాలి మాటతీరు, ఆడపిల్ల తండ్రి తటపటాయింపు, పెళ్లికి చాలని డబ్బు, చిత్తూరు పల్లెల్లో ఏ పెళ్లింట చూసినా ఇవే. నారాయణవనం కల్యాణ వేంకటేశ్వరాలయంలో పెళ్లికి పసుపు విసిరిందని చెప్పే పెద్ద తిరగలిని ఇప్పటికీ చూపిస్తారు.

తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని కొండమీద ఒక నానుడి. ఏకాంతసేవలో అన్నమయ్య వంశీకులు లాలి పాడతారు, వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. రోజంతా నడిచిన కథకు రాత్రి చివరి మాట ఈ రెండు ఇళ్ల కవులదే.

ఈ సాహిత్యానికి కొండ దిగువన మౌఖిక శాఖలు కూడా ఉన్నాయి. స్వామి రాత్రిళ్లు మెట్లు దిగి పద్మావతి ఉండే తిరుచానూరు వెళతాడనీ, అందుకే చెప్పులు అరుగుతాయనీ జనం నమ్మకం. అలిపిరి పాదాలమండపంలో భక్తులు లోహపు పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. కార్తిక బ్రహ్మోత్సవాల చివర పంచమీతీర్థానికి తిరుమల నుంచి చీర, పసుపుకుంకుమలు, నగలు సారెగా ఊరేగింపుతో పద్మావతి దగ్గరికి వస్తాయి. వేరింటి కాపురంలోని దూరాన్ని ఏడాదికొకసారి తీర్చే పండుగ ఇది. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు బెల్లం, కొబ్బరికాయలతో లక్ష్మీవేంకటేశ్వరుని గుడికి వస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు, స్వామి అల్లుడు అన్నది వారి మాట. అహోబిలంలో కనుమనాడు బయలుదేరే నరసింహస్వామి పారువేట నెల దాటి ఊరూరా తిరుగుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్లికి జనాన్ని పిలవడానికి స్వామే స్వయంగా వస్తాడని అక్కడివారు చెబుతారు. వెంగమాంబ చెంచునాటకం ఈ కథకు చెందినదే. ఈ కథలన్నింటిలో వధువు మరో కులం నుంచో, మరో మతం నుంచో, అడవి నుంచో వస్తుంది. పండుగరోజున ఆమె పుట్టింటివారికి గుడిలో గౌరవం దక్కుతుంది. ఆ గౌరవం నిలవడానికి ప్రేమకథ ఆధారమైంది.

రాగిరేకుల్లో ఉండిపోయిన సాహిత్యం 20వ శతాబ్దంలోనే బయటి లోకానికి తెలిసింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి రేకులను పరిశీలించాడు, వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించాడు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్నిటికి స్వరాలు కట్టాడు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు ప్రారంభించింది. పద్మావతీ పరిణయం మాత్రం పుస్తకాలకంటే ముందే హరికథల్లోనూ నాటకాల్లోనూ వ్యాపించింది. 1960లో పి. పుల్లయ్య దర్శకత్వంలో ఎన్టీఆర్ నటించిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం దానిని ఊరూరా చూపించింది. శాంతకుమారి వేసిన వకుళమాత పాత్ర ఇప్పటికీ జనానికి గుర్తుంది.

ఆ ప్రచారమంతా అయ్యాక, 1992లో తిరుమలలో పద్మావతీ పరిణయోత్సవం మొదలైంది. అప్పటిదాకా పండుగలు కవులకు కథలు ఇచ్చాయి. ఈసారి కథే ముందు నడిచి ఒక పండుగను పుట్టించింది. వైశాఖ శుద్ధ నవమి, దశమి, ఏకాదశి, మూడు రోజులు నారాయణగిరి ఉద్యానవనంలో పూలమండపం కడతారు. మొదటి సాయంత్రం స్వామి గజవాహనం మీద వస్తాడు, రెండోనాడు అశ్వం మీద, మూడోనాడు గరుడునిమీద. అమ్మవార్లు పల్లకీలో వస్తారు. ఏనుగును తరుముతూ వచ్చిన వేటగాడూ, గుర్రం పోగొట్టుకున్న ప్రేమికుడూ ఆ మొదటి రెండు వాహనాల్లో కనిపిస్తారు. పెళ్లి తంతు అయ్యాక కొలువులో వేదమూ, సంగీతమూ వినిపిస్తాయి. ఆ తరవాత స్వామి, అమ్మవార్లు తిరిగి ఆలయానికి చేరుకుంటారు.