భూమి వర్తకుల చందా: లెక్కలో ఉన్నదీ, లేనిదీ

తెలుగునాట రియల్ ఎస్టేటుకీ రాజకీయానికీ ఉన్న చుట్టరికం గురించి రాసేవాళ్లు సాధారణంగా 1991తో మొదలుపెడతారు. సరళీకరణ వచ్చింది, హైదరాబాదు పెరిగింది, ఎకరాలు గజాలయ్యాయి, ఆ డబ్బు ఎన్నికల్లోకి దిగింది అంటారు. ఇంకొందరు అంత దూరం కూడా పోకుండా, భూమి ఉన్నవాడు అధికారిని మచ్చిక చేసుకోవడం అనాదిగా ఉన్నదేనని తేల్చేస్తారు. మొదటి కథకి వయసు చాలదు. రెండోదానికి అసలు కాలమే లేదు. నర్సీపట్నం చుట్టుపక్కల రోడ్ల వెంట ఇవాళ కనిపించే వెంచర్ బోర్డులకు మొదటి కథ సరిపోతుందేమో గాని, ఆ బోర్డు పెట్టినవాడు ఎన్నికలప్పుడు డబ్బు ఎవరికి, ఏ రూపంలో, ఎందుకు అలా ఇస్తాడో చెప్పడానికి సరిపోదు.

ఈ ప్రశ్నకి పోలిక కోసం అమెరికా వైపు చూడక తప్పదు. అక్కడి ఇళ్ల అమ్మకందార్ల జాతీయ సంఘం 1908లో పుట్టింది. 1969లో ఆ సంఘం రాజకీయ చందాల కోసం విడిగా ఒక కమిటీ పెట్టుకుంది. దాన్నే ఆర్‌ప్యాక్ అంటారు. పద్ధతి సులువే. సంఘం సభ్యత్వ రుసుం అభ్యర్థులకు ఇవ్వడానికి వీల్లేదు. సభ్యులు ఇష్టపడి వేరుగా ఇచ్చిన డబ్బే ఇవ్వాలి. ఒక మనిషి ఏడాదికి 5,000 డాలర్లకు మించి కమిటీకి ఇవ్వకూడదు, కమిటీ ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో 5,000కు మించి ఇవ్వకూడదు. ఏడాదిలో 200 డాలర్లు దాటి ఇచ్చినవాడి పేరు ఎన్నికల కమిషన్ దగ్గర నమోదవుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇళ్లు అమ్మిపెట్టే తెలుగువాడు ఏటా సంఘం బిల్లుతో పాటు ఈ చందా చీటీ కూడా చూస్తాడు. అదే మనిషి ఇక్కడ భీమిలి దగ్గర లేఅవుట్ వేస్తే అతని రాజకీయ చందాకి రసీదు ఉండదు. ఇద్దరూ ఒక్కరే కనుక తేడా మనిషి స్వభావంలో లేదు.

మరి ఈ తేడా ఎప్పుడొచ్చింది? నర్సీపట్నం ప్రాంతపు భూమి కథలో మొదటి ఘట్టాలు అందరికీ తెలిసినవే కాబట్టి త్వరగా దాటుతాను. గొలుగొండ జమీందారీ 1830ల చివర సర్కారు చేతికి వచ్చింది. 1839 చట్టంతో కొండ ప్రాంతం మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పి కలెక్టరు ఏజెంటుగా ఏలే ఏజెన్సీ అయింది. ముఠాదార్లు శిస్తు వసూలు చేసేవారు, వాళ్లకి కోపం వచ్చినప్పుడల్లా ఫితూరీ (తిరుగుబాటు) వచ్చేది. 1882 అటవీ చట్టం పోడును నేరం చేసింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదలాయింపు మీద మొదటి అదుపు పెట్టింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దాడులు జరిగాయి. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు, సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గూడెంలో రోడ్డు పని చేయించి కూలి సరిగా ఇవ్వని డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు కూడా ఈ కథ చెప్పే ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది.

పుస్తకాల్లో తక్కువగా కనిపించేది వేరొకటి. కొండ మీద ఠాణాలు కొల్లగొడుతున్న ఆ నెలల్లోనే మద్రాసులో కూర్చున్న శాసనమండలిలో భూస్వాములకు ప్రత్యేకంగా ఆరు సీట్లున్నాయి. 1909 సంస్కరణలతో మొదలైన ఈ ఏర్పాటు 1919 చట్టంతో గట్టిపడింది. 1935 చట్టం కింద మద్రాసు శాసనసభలో 215 సీట్లలో భూస్వాములకు ఆరు, వాణిజ్యానికి ఆరు. వెనకబడిన ప్రాంతాలకీ గిరిజన తెగలకీ కలిపి ఒక్కటి. ఆ ఒక్క సీటు రాష్ట్రంలో అందరికీ!

ఈ ఆరు సీట్లను మన చరిత్రకారులు సాధారణంగా వెక్కిరించి వదిలేస్తారు. ఆ వెక్కిరింత న్యాయమైనదే గాని, దానివల్ల ఒక సంగతి కనుమరుగైంది. భూస్వామి ఆ కాలంలో తన కోరిక ఏమిటో బయటికి చెప్పేవాడు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం మీద అర్జీలు పెట్టాడు, దాని సవరణల మీద వాదించాడు, ఏ బిల్లుకి ఎటు ఓటేశాడో మండలి రికార్డులో ఉంది. 1932లో బొబ్బిలి రాజా ఏకంగా ముఖ్యమంత్రి పీఠం ఎక్కాడు. ఎక్కాడు కాబట్టే ఓడించడానికి జనానికి ఒక ముఖం దొరికింది: 1937లో సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. ప్రకాశం పంతులు అధ్యక్షతన వేసిన కమిటీ జమీందారీల మీద 1938లో నివేదిక ఇవ్వగలిగింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది మూలపడినా, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. బహిరంగంగా ఉండటం వల్ల జమీందారు మంచివాడైపోలేదు. పదేళ్లు అడ్డం పడ్డాడు. కాని ఎవరు అడ్డం పడ్డారో అందరికీ తెలుసు.

స్వాతంత్ర్యం తర్వాత కొంతకాలం ఈ బాహాటత్వం ఇంకో రూపంలో బతికింది. నాగపూరు కాంగ్రెసు సహకార సేద్యం తీర్మానం చేసిన 1959లోనే స్వతంత్ర పార్టీ పుట్టింది, ఎన్.జి. రంగా దానికి అధ్యక్షుడు. భూమి ఉన్న రైతు, కంపెనీ యజమాని ఒకే గొడుగు కిందికి వచ్చారు. కంపెనీలు పార్టీలకు చందా ఇవ్వడం చట్టబద్ధంగానే ఉండేది: 1960 సవరణ ప్రకారం లాభాల్లో 5 శాతం లేదా 25,000 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. లెక్కల్లో చూపించాలి కూడా. 1967లో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 44 సీట్లు తెచ్చుకుంది. రెండేళ్లు దాటగానే, 1969లో, పార్లమెంటు కంపెనీల చందాలను పూర్తిగా నిషేధించింది. అమెరికాలో ఆర్‌ప్యాక్ పుట్టిన సంవత్సరం అదే. రెంటికీ సంబంధం లేదు. కాని ఒకే ఏడాది రెండు దేశాలు రెండు దారుల్లో పోయాయి.

నా దృష్టిలో మలుపు 1991 కాదు, ఈ 1969. దీనికి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. 1969లో తెలుగునాట భూమి వ్యాపారం చేసే కంపెనీలు ఎన్ని ఉంటాయి? స్థలాలు అమ్మినవాళ్లు విడి ఆసాములు, ఇళ్ల నిర్మాణ సహకార సంఘాలు. కంపెనీ కానివాడికి కంపెనీ చందా నిషేధం ఎలా తగులుతుంది? నేరుగా తగల్లేదు, నిజమే. కాని నిషేధం పార్టీల ఖర్చును ఆపలేదు. చెక్కు పుచ్చుకునే అలవాటున్న పార్టీ కోశాధికారి నగదు వైపు తిరిగాడు. నగదు ఎక్కువగా పుట్టే చోటు ఏది? దస్తావేజులో ఒక ధర, చేతిలో ఇంకో ధర నడిచే చోటు. భూమికి మించి అలాంటి సరుకు మన దేశంలో లేదు. ఇది నా ఊహ మాత్రమే కాదు. నల్లధనం మీద వేసిన వాంఛూ కమిటీ 1971లో నివేదిక ఇచ్చాక, తక్కువ ధర చూపించి రిజిస్టరు చేసిన ఆస్తిని సర్కారే తీసుకునేలా 1972లో ఆదాయపు పన్ను చట్టంలో ఒక అధ్యాయం చేర్చారు. రోగం ఎక్కడుందో సర్కారుకి అప్పుడే తెలుసు.

దానిమీద 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. హైదరాబాదులో ఒక మనిషికి 1,000 చదరపు మీటర్ల ఖాళీ స్థలం మించకూడదు. ఉద్దేశం గొప్పది. కాని ప్రజా ప్రయోజనం కోసమో, యజమానికి అనవసరపు కష్టం కలుగుతుందనో రాష్ట్ర ప్రభుత్వం ఎవరికైనా మినహాయింపు ఇవ్వొచ్చని అందులో 20వ సెక్షను ఉంది. ఈ శతాబ్దపు తెలుగు రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే పెద్ద పెద్ద ప్రసంగాల కన్నా ఈ ఒక్క సెక్షను ఎక్కువ ఉపయోగపడుతుంది. దానివల్ల భూమి వర్తకుడికి చట్టాన్ని మార్చమని పదిమందితో కలిసి అడగవలసిన పని పోయింది. తన సర్వే నంబరుకి మటుకు మినహాయింపు తెచ్చుకుంటే చాలు. పక్కవాడికి రాకపోతే ఇంకా మంచిది, వాడి స్థలం చవగ్గా దొరుకుతుంది. అటువంటి కోరిక సంఘంగా కూర్చుని చేసేది కాదు, రసీదు పుచ్చుకుని చేసేది అంతకన్నా కాదు. లెక్కలేని నగదు, లెక్కలేనన్ని మినహాయింపులు ఒకే దశాబ్దంలో జత కలిశాయి. 1985లో కంపెనీల చందాలను మళ్లీ అనుమతించినా (మూడేళ్ల సగటు లాభంలో 5 శాతం, బోర్డు తీర్మానంతో) భూమి వర్తకుడు చెక్కు వైపు తిరిగి రాకపోవడానికి కారణం ఇదే. చెక్కిస్తే ఓడిన పార్టీకి పేరు తెలుస్తుంది, గెలిచిన పార్టీకి ఋణం ఉండదు. 1991 నాటికి ఏర్పాటంతా సిద్ధంగా ఉంది, సరళీకరణ దానికి సొమ్ము మాత్రం పోసింది.

తర్వాతి సంగతులు వేగంగా చెప్పుకోవచ్చు. బిల్డర్ల జాతీయ సంఘాలు నరెడ్కో, క్రెడాయ్ 1990ల చివర వచ్చాయి. అవి వినతిపత్రాలు ఇస్తాయి, ప్రాపర్టీ షోలు పెడతాయి, స్టాంపు డ్యూటీ తగ్గించమంటాయి. అసలు పని వేరే చోట జరుగుతుందని వాటి సభ్యులకూ తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో పట్టణ భూపరిమితిని వదిలేసుకుంది. అనుమతి లేని లేఅవుట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాలు పదేపదే వచ్చాయి. 2020లో రెండు రాష్ట్రాలూ మళ్లీ ప్రకటించాయి. నియమం పాటించి లేఅవుట్ వేసినవాడు ఆ పథకాలు చూసి ఏమనుకోవాలి? ఈలోగా భూమి వర్తకుడు ఇంకో మెట్టు ఎక్కాడు. చందా ఇచ్చి పని చేయించుకోవడం కన్నా తనే టికెట్టు తెచ్చుకుని నిలబడటం గిట్టుబాటని తేల్చుకున్నాడు. శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. ఆ అంకె విని నవ్వనివాడు తెలుగు జిల్లాల్లో ఉన్నాడా?

చందాల వ్యవహారంలో 2013 తర్వాత రెండు ప్రయోగాలు జరిగాయి. మొదటిది ఎలక్టోరల్ ట్రస్టు: వచ్చిన చందాలో 95 శాతం ఆ ఏడాదే పార్టీలకు పంచాలి, ఎవరిచ్చారో ఎవరికి చేరిందో కమిషన్‌కి చెప్పాలి. ఆర్‌ప్యాక్‌కి మన చట్టంలో దగ్గరి చుట్టం ఇదే. రెండోది 2018 నుంచి ఎలక్టోరల్ బాండ్లు, ఇచ్చినవాడి పేరు దాచడమే వాటి ప్రయోజనం. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసి పేర్లు బయటపెట్టించింది. కొన్నవాళ్లలో దేశం మొత్తం మీద రెండో స్థానం హైదరాబాదు నిర్మాణ సంస్థ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. అది రియల్ ఎస్టేటు సంస్థ కాదు, కాంట్రాక్టు సంస్థ. ఆ కొనుగోలు అప్పటి చట్టం ప్రకారమే జరిగింది. చెప్పొచ్చేదేమంటే, బ్యాంకు ద్వారా నడిచింది కనుక ఆ అంకె ఎప్పటికైనా బయటికి రాగలిగింది. లేఅవుట్ల నగదుకి ఏ కోర్టూ అలాంటి జాబితా తెప్పించలేదు.

అందుకే రియల్ ఎస్టేటు రంగానికి ఒక బహిరంగ చందా కమిటీ ఉంటే విలువేనని నేనంటాను. మొదటి విలువ వ్యాపారికే. నిజాయితీగా రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం రెరా కింద రిజిస్టరు చేసుకుని, కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో పెట్టే చిన్న బిల్డరు ఇవాళ ఒంటరివాడు. అనుమతులు గడువులోగా ఇమ్మని, దొంగ లేఅవుట్లకు క్షమాభిక్ష ఆపమని అడగడానికి అతనికి గొంతు లేదు. పదిమంది పేర్లు రాసి చందా వేసుకుంటే అడిగేది పదిమందికీ వర్తించేదే అవుతుంది. అడ్డదారి కోరేవాడు ఆ చీటీ మీద సంతకం పెట్టడు. రెండో విలువ మనకి: ఏ పార్టీకి ఎంత ముట్టిందో చూసుకుని, ఆ తర్వాత వచ్చిన జీవోని పక్కన పెట్టి చదువుకోవచ్చు.

అమెరికా పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. అన్నేళ్లు చందాలిచ్చినా 2017లో ఇంటి అప్పు వడ్డీ మీద పన్ను తగ్గింపు పరిమితిని అక్కడి కాంగ్రెసు కుదించింది. కమీషన్ల కేసులో 2024లో ఆ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అక్కడ 2010లో వచ్చిన కోర్టు తీర్పు తర్వాత పరిమితి లేని కమిటీలు వచ్చి పాత 5,000 డాలర్ల నియమాన్ని సగం ఉత్తదాన్ని చేశాయి. ఇక ఇక్కడ ట్రస్టు పెట్టినంత మాత్రాన నగదు ఆగుతుందని నమ్మేంత అమాయకత్వం నాకు లేదు. ముందు రిజిస్ట్రేషను ధర మార్కెట్ ధరకి దగ్గరపడాలి.

కృష్ణదేవిపేట దగ్గర నిలబడి చూస్తే నా సందేహం ఇంకా పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అల్లూరి పేరు పెట్టిన జిల్లా పాడేరు చుట్టూ ఏర్పడింది. ఆయన సమాధి అనకాపల్లి జిల్లాలో మిగిలింది. కొండ మీద షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 చట్టం ఉంది, భూమి గిరిజనేతరుడికి చేరకూడదు. 1997లో సమత తీర్పు ప్రభుత్వానికి కూడా అదే వర్తిస్తుందని చెప్పింది. కొండ దిగువన గొలుగొండ, నాతవరం, రోలుగుంట మండలాల్లో గిరిజన గ్రామాలున్నా అవి షెడ్యూలులో లేవు. చేర్చమని ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నారు. అక్కడి జీడితోట సర్కారు పేదలకిచ్చిన అసైన్డు భూమి, అంటే డీ-పట్టా కావచ్చు, అనుభవం తప్ప కాగితం లేనిది కావచ్చు. కొనేవాడికి అది ముందు చవకైన ఎకరం, తర్వాత ఖరీదైన గజం. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డు భూమిని అమ్ముకోవచ్చని 2023లో సవరణ వచ్చినప్పుడు పేదవాడికి హక్కు వచ్చిందని ఒకరు, వర్తకుడికి దారి తెరిచిందని ఇంకొకరు అన్నారు. ఇద్దరి మాటా నిజమే.

భూమి వర్తకులు రేపు పద్ధతిగా ట్రస్టు పెట్టి, చెక్కుల ద్వారా చందాలిచ్చి, తమ కోరికల జాబితా అచ్చువేశారనుకుందాం. రాష్ట్రమంతటికీ వర్తించే నియమమే అడుగుతారు, నేను కోరినట్టే. షెడ్యూల్డు ప్రాంతపు సరిహద్దును ఇప్పుడున్న చోటే ఉంచమనడం, 1/70ని సడలించమనడం ఆ జాబితాలో మొదటి పేజీలోనే ఉండవచ్చు. దానికి ఎదురుగా, కాగితం లేని తోటలవాళ్ల తరఫున చందా ఇచ్చే కమిటీ ఏదీ ఉండదు. 1935లో ఆరుకి ఒకటి అయినా ఉండేది.