సీఆర్‌పీ కథ: న్యూయార్క్ నుండి మన రిపోర్టు కాగితం దాకా



2021 మే నెలలో మన వాట్సాప్ గుంపులో వేరే మాటే లేదు. "సీఆర్‌పీ ఎంత? డీ-డైమర్ ఎంత?" అని పిల్లల మార్కులు అడిగినట్టు అడుగుకొన్నాము. ఆ పేర్లు ఎక్కడినుండి వచ్చినాయో అప్పుడు ఎవరమూ అడగలేదు. తీరిక దొరికినాక చదివి రాస్తున్నాము.

1918లో ఇన్‌ఫ్లూయెంజా బొంబాయి రేవులో దిగి, రైలు దారి పట్టుకొని దేశమంతా పోయింది. రైల్వే ఉప్పు తిన్న మాకు అది చదివితే గుచ్చుకొంటుంది. మనుషుల ఫ్లూ వైరస్‌ను లండన్‌లో పట్టుకొన్నది 1933లోనే. అంతదాకా డాక్టర్లు చేయగలిగింది రక్తంలో కణాలు లెక్కపెట్టడం. ఫ్లూ రోగుల్లో తెల్ల కణాలు తగ్గడం వాళ్ళు చూసినారు. 1921లో స్వీడన్ డాక్టరు వెస్టర్‌గ్రెన్ ఈఎస్ఆర్ పరీక్షకు పద్ధతి కుదిర్చినాడు. ఆసుపత్రి చీటీల్లో మనకు బాగా అలవాటైన పేరే.

అసలు కథ 1930లో, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో. టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా క్రిమినుండి 'సి' అనే పదార్థం తీసి రోగుల సీరంలో కలిపినారు. తెల్లగా పేరుకొంది. రోగి కోలుకొన్నాక అదే పరీక్ష చేస్తే పేరుకోలేదు. 'సి'తో కలిసే ప్రొటీన్ కాబట్టి సీ-రియాక్టివ్ ప్రొటీన్, సీఆర్‌పీ అయింది. దాన్ని చేసేది క్రిమి కాదు, మన కాలేయమే అని తరువాత తేలింది. అంటే ఒంట్లో ఎక్కడో మంట ఉందని చెబుతుంది, ఎవరు పెట్టినారో చెప్పదు. ఈ ఫ్రాన్సిసే 1940లో ఇన్‌ఫ్లూయెంజా-బి వైరస్‌ను వేరుచేసినాడు, 1954 పోలియో టీకా పరీక్షను నడిపించినాడు. ఇంత పనిచేసిన మనిషి పేరు మన బడిపుస్తకాల్లో మాకు కనబడలేదు.

కాలేయానికి ఆ కబురు అందించే ఐఎల్-6 జన్యువును 1986లో ఒసాకాలో కిషిమోతో, హిరానో బృందం పట్టుకొంది.

ఇక 2020 వూహాన్. రెండు ఆసుపత్రుల 191 మంది రోగుల లెక్క తీసినారు, వాళ్ళలో 54 మంది చనిపోయినారు. చేరేటప్పుడు డీ-డైమర్ 1 మైక్రోగ్రాము దాటినవాళ్ళకు ప్రమాదం ఎక్కువని తేలింది. వీళ్ళంతా ఆసుపత్రిలో చేరినవాళ్ళు, ఇంట్లో జలుబుతో కూర్చున్నవాళ్ళు కాదు. వెయిటింగ్ లిస్టు 12 మామూలుగా కన్‌ఫర్మ్ అవుతుందని కౌంటర్లో చెప్పగలం. ఈ రోజు, ఈ టికెట్టు అవుతుందా అంటే చార్టు పడేదాకా చెప్పలేము. ఈ లెక్కా అట్లాంటిదే.

బ్రిటన్ రికవరీ పరీక్ష 2020 జూన్‌లో డెక్సామెథసోన్ గురించి చెప్పింది: ఆక్సిజన్ అవసరమైనవాళ్ళలో చావులు తగ్గినాయి, అవసరం లేనివాళ్ళకు లాభం కనబడలేదు. 2021లో టోసిలిజుమాబ్ మందుకు 4,116 మందిని తీసుకొన్నారు. సీఆర్‌పీ 75 దాటాలి, ఆక్సిజన్ కూడా తగ్గి ఉండాలి. రెండూ కలిస్తేనే. చావులు నూటికి 35 నుండి 31కి దిగినాయి.

మన ఊళ్ళో ఆ రెండో షరతు ఎవరు చూసినారు? సీఆర్‌పీ కాగితం చూసి స్టెరాయిడ్ మాత్రలు మింగినారు. స్వల్పంగా జబ్బు ఉన్నవాళ్ళు ఈ పరీక్షలకు పరుగెత్తవద్దని ఆ మే నెలలోనే ఎయిమ్స్ డైరెక్టర్ గులేరియా చెప్పినారు. మన సంఘంలో ఒకాయనకు సీఆర్‌పీ 90 దాటింది, ఇంట్లో ఏడుపులు, వారంలో లేచి తిరిగినారు. ఇంకొకాయన రెండోరోజు రిపోర్టు నార్మల్. అందరూ నిమ్మళించినారు. ఎనిమిదోరోజు ఊపిరి అందలేదు, బెడ్డు దొరికేలోపే పోయినారు. రెండోరోజు రక్తానికి ఎనిమిదోరోజు సంగతి ఎట్లా తెలుస్తుంది? వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఆ ఇంట్లో ఉండలేదు.

వచ్చే వైద్య శిబిరం పట్టీలో జ్వరం ప్యాకేజీ అని డీ-డైమర్ మళ్ళీ చేర్చినారు. దాన్ని తీసేసి, ఆ డబ్బుతో వీధికొక ఆక్సీమీటర్ కొనమని కమిటీకి చీటీ ఇచ్చినాము. సర్వసభ్య సమావేశంలో ఆ మాట వచ్చినప్పుడు మీ అభిప్రాయం చెప్పండి.