జరగని ఆటలకు స్కోరు కార్డు ఉండదు



"అన్నా, రెండు నెలలు అమెరికాలో ఉన్నావు, ఏం చూశావు?" అని చాలామంది మెసేజ్ పెట్టారు. బేస్‌బాల్ గ్రౌండ్లు చూశాను. నవ్వకండి. ఈ భాగం మొత్తం వాటి గురించే.

అట్లాంటా దగ్గర ఉండే అక్కావాళ్లింటికి అమ్మని తీసుకుని వెళ్లాను. పిల్లలకు వేసవి సెలవులు. బావకు బేస్‌బాల్ పిచ్చి. ఇంటిల్లిపాదికీ పెద్ద స్టేడియం టికెట్లు కొనాలంటే జేబు ఖాళీ. అందుకని మైనర్ లీగ్ గ్రౌండ్లకు తిప్పాడు. పెద్ద జట్ల కింద ఉండే చిన్న జట్లవి. కుర్రాళ్లు అక్కడ ఆడి, రాటుదేలి, పైకి వెళ్తారు. టికెట్ చవక, జనం తక్కువ, పిల్లలు గడ్డి మీద పొర్లుతుంటారు.

మొదట బర్మింగ్‌హామ్. సాయంత్రం మ్యాచ్. కొట్టిన బంతి ఒకటి జనంలో పడింది. ఒక పిల్లవాడు పట్టుకుని ఎగిరి గంతేశాడు. అమ్మ నన్ను గిల్లి, "తిరిగి ఇవ్వక్కర్లేదంటరా?" అంది. అక్కర్లేదమ్మా, పట్టుకున్నవాడిదే అన్నాను. అమ్మ ఏం మాట్లాడలేదు. మా ఊళ్లో ఊరి కుర్రాళ్లు ఆడుకుంటుంటే కాలవలో పడిన బంతులు తెచ్చి ఇచ్చింది మా పల్లె పిల్లలే. అందులో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి ఆమెకు గుర్తుంది, నాకూ గుర్తుంది.

మర్నాడు అదే ఊళ్లో రిక్‌వుడ్ ఫీల్డ్ చూడ్డానికి వెళ్లాం. 1910 ఆగస్టు 18న తెరిచారు. అమెరికాలో ఇంకా నిలిచి ఉన్న ప్రొఫెషనల్ బేస్‌బాల్ గ్రౌండ్లలో ఇదే పాతది. గ్రౌండ్ ఒక్కటే, జట్లు రెండు. తెల్లవాళ్లకు బారన్స్, నల్లవాళ్లకు బ్లాక్ బారన్స్. తెల్ల జట్టు వేరే ఊరు ఆడ్డానికి పోయినప్పుడు నల్ల జట్టు ఇక్కడ ఆడేది. బారన్స్ మ్యాచ్‌కి వచ్చే నల్లజాతి ప్రేక్షకులకు కుడివైపు చివర వేరే బెంచీలు. బేస్‌బాల్ చరిత్రలోనే గొప్ప ఆటగాళ్లలో ఒకడైన విల్లీ మేస్ 1948లో, ఇంకా హైస్కూల్ చదువుతూనే, బ్లాక్ బారన్స్‌కి ఇక్కడ ఆడాడు. 2024 జూన్ 20న ఆయన గౌరవార్థం ఇదే గ్రౌండ్‌లో మేజర్ లీగ్ మ్యాచ్ పెట్టారు. రెండు రోజుల ముందే, జూన్ 18న, ఆయన కన్నుమూశాడు.

ఇదంతా గైడ్లు చెప్పే చరిత్రే. నేను ఆగిపోయింది ఇంకోచోట.

1950లో బర్మింగ్‌హామ్ నగరం ఒక చట్టం చేసింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి పేకాట ఆడకూడదు, పాచికలు ఆడకూడదు, బేస్‌బాల్ ఆడకూడదు. 1963లో ఉద్యమంలోకి వచ్చిన పిల్లల మీదికి కుక్కల్నీ నీటి గొట్టాల్నీ వదిలిన బుల్ కానర్ తెలుసు కదా? రాజకీయాల్లోకి రాకముందు అతను రేడియోలో బేస్‌బాల్ కామెంటరీ చెప్పేవాడు. అలాగే ఊరందరికీ పరిచయమయ్యాడు.

బారన్స్ ఆడిన లీగ్ పేరు సదరన్ అసోసియేషన్. 1901 నుంచి ఉంది. జాకీ రాబిన్సన్ 1947లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాక కూడా ఈ లీగ్ మారలేదు. 1954లో నాట్ పీపుల్స్ అనే ఒకే ఒక్క నల్లజాతి ఆటగాడిని అట్లాంటా జట్టు రెండు మ్యాచ్‌లు ఆడించి దించేసింది. టీవీ వచ్చి జనం తగ్గారు, నల్లజాతి ప్రేక్షకులు బహిష్కరించారు. 1961 సీజన్‌తో లీగ్ మూతపడింది. 1962, 63ల్లో బర్మింగ్‌హామ్‌కు జట్టే లేదు. నగర పార్కుల్లో అందర్నీ రానివ్వాలని కోర్టు చెబితే, 1962లో పార్కులకే తాళాలు వేశారు. తమ పిల్లల ఉయ్యాలలక్కూడా.

ఇది అర్థం చేసుకోవాలి మిత్రులారా. నువ్వు వస్తావని తెలిస్తే, తమ ఆటను తామే చంపుకోడానికి కూడా వాళ్లు సిద్ధపడ్డారు.

తర్వాతి వారం ఫ్లోరిడా. 1946లో జాకీ రాబిన్సన్ ముందుగా మైనర్ లీగ్ జట్టు మాంట్రియల్ రాయల్స్‌లో చేరాడు. ఆ వసంతంలో ప్రాక్టీస్ మ్యాచ్‌ల కోసం ఫ్లోరిడా వచ్చాడు. డేటోనా బీచ్‌లో మార్చి 17న ఆడనిచ్చారు. ఇప్పుడా గ్రౌండ్‌కు ఆయన పేరే ఉంది, బయట విగ్రహం ఉంది. పిల్లలు విగ్రహం దగ్గర ఫొటోలు దిగారు. మరి మిగతా ఊళ్లు? డీలాండ్‌లో మ్యాచ్ రద్దు చేశారు. కారణం, లైట్లు పనిచేయడం లేదట. అది పగటిపూట మ్యాచ్! శాన్‌ఫర్డ్‌లో ఆట మధ్యలో పోలీసు అధికారి మైదానంలోకి వచ్చి రాబిన్సన్‌ను బయటికి పంపమన్నాడు. జాక్సన్‌విల్‌లో జట్టు గ్రౌండ్‌కు వచ్చేసరికి గేటుకు తాళం.

ఆ తాళం వేసిన గ్రౌండ్ ఇంకా ఉంది. అప్పట్లో డర్కీ ఫీల్డ్ అనేవారు. అందులోనే ఏడేళ్ల తర్వాత, 1953లో, పందొమ్మిదేళ్ల హాంక్ ఆరన్ జాక్సన్‌విల్ జట్టుకు ఆడాడు. సగటు .362, 22 హోమ్ రన్లు, లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. వేరే ఊళ్లకు వెళ్తే మాత్రం తోటి ఆటగాళ్లతో ఒకే హోటల్లో పడుకోనివ్వలేదు, కలిసి తిననివ్వలేదు.

అక్క కూతురు గేటు పట్టుకుని ఊపుతూ అడిగింది: "మావయ్యా, 1946లో స్కోరెంత?"

స్కోరు లేదు తల్లీ. ఆట జరగలేదు కదా.

అక్కడే నాకు మా ఊరు గుర్తొచ్చింది. నేను ఇంటర్ చదివే రోజులు. సంక్రాంతికి ఏటా క్రికెట్ టోర్నమెంట్ పెట్టేవారు. చుట్టుపక్కల ఊళ్ల జట్లన్నీ వచ్చేవి. ఆ ఏడాది మా పల్లె నుంచి మొదటిసారి జట్టు పేరు ఇచ్చాం. చందా కట్టాం. కూలి డబ్బుల్లోంచి పొదుపు చేసి అమ్మ నాకు తెల్ల బూట్లు కొంది. పండగ ముందురోజు కబురొచ్చింది: గ్రౌండ్ తడిగా ఉంది, ఈసారి టోర్నమెంట్ లేదు. ఆ నెలలో చుక్క వాన పడలేదు. చందా తిరిగిచ్చారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. కేసు పెట్టడానికి ఏముంది? ఆ బూట్లు నేను కాలేజీకి వేసుకుని అరగ్గొట్టాను.

జాక్సన్‌విల్ ఎండలో ఈ సంగతి అమ్మకు గుర్తు చేశాను. "వాళ్లకీ తడేనా?" అంది.

వాళ్లకి లైట్లమ్మా.

విద్యార్థి మిత్రులకు ఇక్కడొక మాట. బాబాసాహెబ్ 1913లో కొలంబియాకు వెళ్లి చదివింది ఆ దేశంలోనే. 1946లో, రాబిన్సన్ ఫ్లోరిడా గేట్ల దగ్గర నిలబడిన అదే ఏడాది, ఆయన నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. ఇద్దరి ప్రజల స్థితీ దగ్గరగా ఉందని ఆయనకు తెలుసు. అలాగని కులమూ జాతీ ఒకటే అనను. వాళ్ల తాళం కంటికి కనపడింది, పత్రికలకెక్కింది, తర్వాత చరిత్ర అయింది. మన తాళం తడి రూపంలో ఉంటుంది. కాగితం మీద పడదు.

పల్వంకర్ బాలూని చూడండి. చమార్ కులంలో పుట్టిన గొప్ప స్పిన్నర్. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. ఆ వికెట్లు రికార్డుల్లో ఉన్నాయి. పూనాలో పెవిలియన్ బయట నిలబెట్టి మట్టి ముంతలో పోసిన టీ ఏ స్కోరు కార్డులోనూ లేదు. ఎవరో గుర్తుపెట్టుకుని చెబితే, రాస్తే, మనదాకా వచ్చింది. అసలు ఆడనివ్వని బాలూలు ఎంతమంది? వాళ్లను ఏ పుస్తకంలో వెతకాలి?

అందుకే అడుగుతున్నాను. చరిత్ర అంటే జరిగినవి రాయడమని మనకు బడిలో నేర్పారు. మన చరిత్రలో సగం, జరగనివ్వనివి. రద్దయిన టోర్నమెంటు, వాయిదా పడ్డ నాటకం, మనవాళ్లు చేరగానే ఆగిపోయిన భజన బృందం. మీ ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. ఏ సంవత్సరం, ఏ గ్రౌండు, ఏం సాకు చెప్పారు, ఎవరెవరు జట్టులో ఉన్నారు. మన పదకొండు మందివీ వాళ్లు ఒప్పుకుంటేనే పేర్లు రాయండి. సాకు మాత్రం ఉన్నదున్నట్టు రాయండి. ఆ అబద్ధమే మనకు మిగిలిన ఆధారం.

మా ఊరితో నేను మొదలుపెడుతున్నాను.

సంక్రాంతి టోర్నమెంట్. మా పల్లె జట్టు, పదకొండు మంది. ఆడిన మ్యాచ్‌లు సున్నా. చెప్పిన కారణం, తడి. పడిన వాన, సున్నా.

జై భీమ్.