గాలి మార్పు: ఒక నమ్మకం ఎలా పాతబడుతుంది?

ఒక భావం తప్పని రుజువైన మర్నాడే అది చచ్చిపోతుందని మన హేతువాదుల్లో చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. చరిత్ర చూస్తే అలా జరగదు. మా ఊరి ఉదాహరణే చెబుతాను.

నేను పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మాదీ ఒకటి. మా చిన్న తాత లోకో షెడ్‌లో ఫిట్టర్. 1949లో ఆయనకు క్షయ అని తేలింది. "గాలి మార్పు కావాలి" అన్నారు అందరూ. కట్నీ లైనులో ఎత్తుమీద ఉన్న పెండ్రా రోడ్ గాలి క్షయకు మంచిదని పేరు. మావాళ్ళు నాయనమ్మ గొలుసు కుదువబెట్టి అక్కడ ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఎనిమిది నెలలు ఆ గాలి పీల్చి ఆయన పోయారు. "ముందే తీసుకెళ్ళి ఉంటే బతికేవాడురా" అని నాయనమ్మ చివరిదాకా అంటూనే ఉండేది.

ఈ మాటలోనే మొదటి రోగలక్షణం ఉంది. రోగి బాగుపడితే గాలి మహిమ. చనిపోతే మన ఆలస్యం. ఎటు జరిగినా గాలికి ఓటమి లేదు. ఓడిపోయే అవకాశమే లేని సిద్ధాంతం బలమైనది కాదు, పరీక్షకు నిలబడనిది.

అలాగని నమ్మినవాళ్ళు మూర్ఖులా? కానే కాదు. 1850ల్లో జర్మన్ వైద్యుడు బ్రెహ్మర్ కొండ ప్రాంతంలో క్షయ సానిటోరియం మొదలుపెట్టాడు. విశ్రాంతి, తిండి, మంచిగాలి తప్ప అప్పుడు ఇంకేమీ లేవు. గాలి మార్పు ఎంత మామూలు మాటంటే, రవీంద్రనాథ్ టాగోర్ 1918లో వచ్చిన 'పలాతక' సంపుటిలో రాసిన ఒక కథాకవితలో, జబ్బుపడిన భార్యను గాలి మార్పు కోసం తీసుకెళుతూ రైలు మారేది మా బిలాస్‌పూర్ స్టేషన్‌లోనే.

ఇప్పుడు అసలు విషయం. రాబర్ట్ కాక్ 1882లోనే క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని తేల్చాడు. మరి గాలి సిద్ధాంతం కూలిపోయిందా? లేదు! సానిటోరియంలు ఆ తర్వాతే పెరిగాయి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో మొదలైంది. "క్రిమి ఉంటే ఉండనీ, దానితో పోరాడే బలం మంచిగాలే ఇస్తుంది" అని పాత భావం కొత్త నిజాన్ని తనలో కలిపేసుకుంది. ఇది రెండో లక్షణం.

1944లో స్ట్రెప్టోమైసిన్ వార్త వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. అప్పుడు కూడా మందుతోపాటు సానిటోరియం ఉండాలన్నారు. కానీ మన దేశంలో రోగులు లక్షల్లో, పడకలు వేలల్లో. అందుకే 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపు సానిటోరియంలో, ఇంకో గుంపు తమ ఇరుకిళ్ళలో. ఇద్దరికీ అవే మందులు, ఏడాదిపాటు. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండు చోట్లా దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లోవాళ్ళకు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. మంచి గాలీ, మంచి తిండీ లేని పేదలు కూడా మందులతో బాగుపడ్డారు.

చూశారా? గాలి సిద్ధాంతాన్ని పడగొట్టింది ఒక్క నిజం కాదు. పని చేసే ప్రత్యామ్నాయం, పక్కపక్కన పెట్టి చేసిన పోలిక, పాత పద్ధతిని భరించలేని అవసరం, ఈ మూడూ కలిశాకే అది పడింది. కాక్ తర్వాత డెబ్బై ఏడేళ్ళు పట్టింది.

కథ ఇక్కడ ఆపితే మనకు హాయిగా ఉంటుంది. కానీ గెలిచిన భావం కూడా చట్రంగా గట్టిపడుతుంది. "మందులు చాలు, తిండితో పనిలేదు" అన్నది అలా తయారైందే. 2005లో ఒక సమావేశంలో ఒక తల్లి "మంచి తిండి పెడితే మా వాడికి త్వరగా తగ్గదా బాబూ?" అని అడిగితే, "అది పాతకాలపు నమ్మకం అమ్మా" అన్నది నేనే.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, బిలాస్‌పూర్ పక్కన గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు తమ దగ్గరికొచ్చిన క్షయరోగులను తూకం వేస్తున్నారు. 2004 నుంచి 2009 వరకు 1,695 మంది. వారిలో మగవారి మధ్యస్థ బరువు 42 కిలోలు, ఆడవారిది 34 కిలోలు! బాగా చిక్కిపోయినవాళ్ళే ఎక్కువగా చనిపోతున్నారు. 2013లో ఇది ప్రచురించారు. 2023లో వచ్చిన జార్ఖండ్ పరిశోధన ఇంకో అడుగు ముందుకెళ్ళింది. రోగి ఇంట్లోవాళ్ళకు అదనపు ఆహారం ఇస్తే, వాళ్ళలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది.

మరి మద్రాసు పరిశోధన తప్పా? కాదు. అది అడిగింది "క్రమంగా మందులు వేసుకున్నవారికి నయమవుతుందా?" అని. ఎవరు జబ్బుపడతారు, ఎవరు చనిపోతారు అన్నవి వేరే ప్రశ్నలు. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును అడగని ప్రశ్నలకు కూడా సాగదీసింది మనం. ఇది మూడో లక్షణం, మన హేతువాదులకు తరచుగా అంటుకునేది.

ఆ తల్లి ఎక్కడుందో తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ రోజు నేను చెప్పింది తప్పు. నాయనమ్మ మాటను పరీక్షించినట్టే మన మాటనూ పరీక్షించుకోవద్దా?