సొంత చర్చి భవనం ఎందుకు? నోయిడాలో ‘సొంతం’ అంటే ఏమిటి?

ఆరాధనకు ప్రత్యేక భవనం తప్పనిసరి కాదని క్రైస్తవ చరిత్రే చెబుతోంది. తొలి శతాబ్దాల విశ్వాసులు ఇళ్లలోనే సమావేశమయ్యేవారు. సిరియాలోని దురా యూరోపస్‌లో తవ్వకాల్లో బయటపడిన మూడో శతాబ్దపు చర్చి, ఒక నివాస గృహాన్ని మార్చి ఏర్పరచుకున్నదే. అయినప్పటికీ, స్థిరపడిన సంఘాలు కాలక్రమంలో సొంత మందిరాన్ని కోరుకుంటాయి.

అద్దె హాలుతో చిక్కులు

అద్దె హాలు సాధారణంగా ఆదివారం కొన్ని గంటలకే లభిస్తుంది. పరీక్షలో, పెళ్లిళ్లో వస్తే ఆ అవకాశమూ ఉండదు. వివాహం, బాప్తిస్మం, భూస్థాపన ఆరాధన వంటివి హాలు ఖాళీని బట్టి జరిగేవి కావు. ఉపాధి కోసం దూర నగరాలకు వలస వెళ్లిన కుటుంబాలకు, మాతృభాషలో ప్రార్థించుకునే స్థిరమైన చిరునామా మరింత అవసరం. యజమాని ఒప్పందాన్ని పొడిగించకపోతే సంఘమే చెదిరిపోవచ్చు.

నోయిడాలో పరిస్థితి

1976లో ఏర్పడిన నోయిడా అథారిటీ స్థలాలను సాధారణంగా 90 ఏళ్ల లీజుపై కేటాయిస్తుంది. కనుక ఇక్కడ ‘సొంతం’ అంటే ప్రధానంగా దీర్ఘకాలిక లీజు హక్కే. స్థలాన్ని కేటాయించిన ప్రయోజనానికే వినియోగించాలి. బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కొత్త ప్రార్థనా మందిరాలు నిర్మించరాదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. ఈ నిబంధన అన్ని మతాలకూ వర్తిస్తుంది. అందువల్ల సక్రమమైన పత్రాలే మందిరానికి తొలి పునాది.

ఎవరి పేరిట?

స్థిర, చరాస్తులను కలిగి ఉండే హక్కును రాజ్యాంగంలోని 26వ అధికరణ మత సంస్థలకు కల్పించింది. ఆస్తిని చట్ట ప్రకారం నిర్వహించుకోవాలి. రిజిస్టర్డ్ సొసైటీ లేదా ట్రస్టు పేరిట ఉన్న ఆస్తి, నాయకత్వం మారినా సంఘానికే నిలుస్తుంది. పాస్టరు సొంత పేరిట ఉంటే, ఆయన అనంతరం వారసులకూ సంఘానికీ మధ్య వివాదం తలెత్తవచ్చు.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన ఆస్తుల కోసం ప్రత్యేకంగా ట్రస్టు అసోసియేషన్‌ను నెలకొల్పుకుంది. ఆ సంఘానికి చెందిన మెదక్ కెథెడ్రల్, కరువు కాలంలో ప్రజలకు పని, తిండి కల్పించిన నిర్మాణం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన ఆ మందిరం నేటికీ ఆరాధనలకు నిలయంగా ఉంది.

భారమూ ఉంది

భవనంతో పాటు అప్పు, మరమ్మతులు, పన్నులు, ఆస్తి తగాదాలూ రావచ్చు. సేవా కార్యక్రమాలకు వెచ్చించవలసిన కానుకలు గోడలకే ఖర్చు కావచ్చు. అందుకే కొన్ని సంఘాలు ఇళ్లలోనే కొనసాగుతున్నాయి. సొంత మందిరానికి పూనుకునే సంఘం భూమి హక్కు, వినియోగ అనుమతి, ఆస్తి ఎవరి పేరిట ఉండాలన్న నిర్ణయం, ఏటా లెక్కల తనిఖీ అనే నాలుగింటినీ ముందే తేల్చుకోవడం మేలు.