హోసూరు సీమలో తెలుగు బడి

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు మాట వినబడగానే "మీరెప్పుడు వలస వచ్చితిరి?" అని అడుగువారు కలరు. అక్కడి తెలుగువారిలో పెక్కుమందికి ఈ ప్రశ్న వర్తింపదు. వారు తరతరములుగా ఆ నేలనే దున్నుకొని బ్రతికినవారు. కదలినది వారు కాదు, ఎల్లలు. 1792లో బారామహలు, 1799లో హోసూరు టిప్పు సుల్తాను ఏలుబడి నుండి కుంపిణీవారి వశమై, పిదప సేలము జిల్లాలో చేరినవి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడును, 1960లో ఉభయ రాష్ట్రములు సరిహద్దు గ్రామములను మార్చుకొన్నప్పుడును హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా వెలసినవి. జిల్లా పేరు మారినను ఇంటిభాష మారలేదు.

ఇట్టి వారి పిల్లల కొరకే 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సభ ఒక నియమము చేసినది. ఒక తరగతిలో పదిమంది గాని, బడి మొత్తమున నలువదిమంది గాని ఉన్నచో ప్రాథమిక విద్య వారి మాతృభాషలో నేర్పవలెను. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము ఈ వసతి కల్పించు బాధ్యతను రాష్ట్రములపై ఉంచినది.

2006లో తమిళనాడు శాసనసభ తమిళ విద్యాచట్టము చేసినది. ఒకటవ తరగతి మొదలుకొని ఏటేటా పై తరగతులకు తమిళము మొదటి భాషగా నిర్బంధమైనది. ఇతర మాతృభాషకు నాలుగవ భాగమున చోటు దక్కినది. ఆ పిల్లలు పదవ తరగతికి వచ్చిన 2015–16లో చిక్కు పైకి తేలినది. అల్పసంఖ్యాక భాషల వారు న్యాయస్థానముల కెక్కిరి. 2016లో మద్రాసు హైకోర్టు, 2023లో సుప్రీంకోర్టు ఆయా పరీక్షలకు మినహాయింపు లిచ్చినవి.

ఇది తమిళముపై పగ కాదు. పరభాషా నిర్బంధపు బాధ తమిళ సోదరులకు తెలియనిది కాదు. హోసూరు చెంత తొరపల్లిలో పుట్టిన రాజాజీయే 1938లో బడులలో హిందీని నిర్బంధము చేయగా వారు గట్టిగా ఎదిరించిరి. 1940లో ఆ ఉత్తరువు రద్దయినది. తమకు కోరిన న్యాయమే ఇరుగుపొరుగు వారికిని కోరుట ధర్మము.

కోర్టు తీర్పు ఒక్కటే బడిని నిలుపునా? దక్షిణాఫ్రికాలోని నేటాలును చూడుడు. 1860 నుండి మద్రాసు రేవున ఓడలెక్కి చెరకుతోటల కూలికి వెళ్లినవారిలో తెలుగువారు పెక్కురు. జాతి వివక్ష పాలించిన ఆ దేశమున భారతీయుల పిల్లలకు చాలినన్ని బడులు లేకపోయెను. తలిదండ్రులు తమ కూలి డబ్బులో చందాలు వేసుకొని బడులు కట్టిరి. ప్రభుత్వ సహాయము దానికి తోడైనది. 1931లో వెలసిన ఆంధ్ర మహాసభ తెలుగు నేర్పుటకు పూనుకొనినది. ఉపాధ్యాయుడును తండ్రియు ఒక త్రాటిపై నడచుటచే అక్కడ చదువు దక్కినది.

మన సీమలో కొరత ఇక్కడనే ఉన్నది. కలిగిన ఇండ్ల పిల్లలు ఇంగ్లీషు బడులకు పోగలరు. సర్కారు తెలుగుబడిలో మిగులునది చాలవరకు కూలివాని బిడ్డ, దళితవాడ బిడ్డ. తరగతిలో పదిమంది తగ్గినచో నష్టపోవునది వారే. కావున భాషాన్యాయము కోరు మనము ఆ బిడ్డలను మన బిడ్డలుగా ఎంచనిచో మన కోరికకు బలము లేదు. పంక్తిలో దూరముగా కూర్చుండబెట్టిన బిడ్డకు "మన తెలుగు" అను మాట చేదుగా నుండును.

చేయవలసినది పెద్దపని కాదు. బడిలో చేర్చునప్పుడు మాతృభాష తెలుగని వ్రాయించవలెను. ఉపాధ్యాయుని ఖాళీ ఏర్పడినచో పదిమంది కలిసి అర్జీ పెట్టవలెను. బడి సంఘపు సమావేశమునకు తల్లులును పోవలెను.

ఉగాది పచ్చడిలో చేదును తీపిని ఒకే గిన్నెలో కలిపి అందరికిని పంచుదుము. తెలుగుబడిలోని చదువును గూడ అట్లే పంచుకొందము గాక.