అంటని పెనము – దాని పూర్వోత్తరములు

తరతరములుగా మన యిండ్లలో అట్టునకు ఇనుప పెనమును, వేపుడునకు ఇనుప మూకుడును వాడుకలో నున్నవి. ఇప్పుడు పల్లెలలో సైతము నల్లని పూత గల అల్యూమినియపు పెనములు వచ్చి వాని సరసన చేరినవి. నాన్‌స్టిక్ పెనమని పిల్లలు చెప్పుదురు. సంతలో చవుకగా దొరకును. కొన్న యాఱు నెలలకే పూత లేచిపోవును. ఆ పూత కడుపులోనికి బోయిన విషమా కాదా యని మా యూరి పెద్దలు పలుమారులు నన్నడిగిరి. నేను వైద్యుడను గాను. బడిలో తెలుగును చరిత్రమును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అయినను ఈ పెనము చరిత్రమును విచారించినచో, దాని నెట్లు కొనవలయునో, ఎట్లు కాపాడుకొనవలయునో ఆ చరిత్రమే చెప్పుచున్నదని నాకు దోచినది.

పాత్రకు పూత యనునది మనకు క్రొత్త గాదు. ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినచో చిలుమెక్కి చెడునని యెఱిగి మన పూర్వులు లోపల తగరపు పూత వేయించెడివారు. అదియే కళాయి. కళాయివాడు చెట్టు క్రింద కొలిమి పెట్టి, గిన్నెను కాచి, నవాసారము చల్లి, గుడ్డతో నొక్క త్రిప్పు త్రిప్పగా వెండివలె మెఱిసెడిది. ఆ పొగ వాసన మీలో ననేకులకు జ్ఞాపక ముండును. నవాసారముతో లోహమును శుద్ధి చేయనిదే తగరము పట్టదు. ఈ మాటను గుర్తుంచుకొనుడు.

ఇక కథకు వత్తము. 1938వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, డ్యూపాంట్ కంపెనీవారి జాక్సన్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అను 27 ఏండ్ల యువకుడు పని చేయుచుండెను. ఆయన వెదకుచున్నది పెనము కాదు. చల్లదనము పుట్టించు యంత్రములకు తగిన యొక క్రొత్త వాయువు. అందులకై టెట్రాఫ్లోరోఎథిలీన్ అను వాయువును ఉక్కు సిలిండర్లలో నింపి యుంచెను. ఆనాడు ఆయనయు, సహాయకుడైన జాక్ రెబోకును ఒక సిలిండరు మర త్రిప్పగా వాయువు రాలేదు. తూచి చూడగా బరువు తగ్గలేదు. బయటికి రాలేదు, లోపల లేదు, మఱి యేమైనట్లు? ఇతరులైనచో దానిని మూల బెట్టి మఱియొకటి తెచ్చుకొని యుందురు. వీరు రంపముతో కోయించి చూచిరి. లోపల మైనము వంటి తెల్లని పొడి గానవచ్చెను. వాయువులోని అణువులు తమంత తామే గొలుసులుగా గూడి ఘనీభవించినవి.

ఆ పొడి గుణములు విచిత్రములు. ఆమ్లములు దానిని తినలేవు. నీరు గాని నూనె గాని దానిపై నిలువదు. తామరాకు మీది నీటిబొట్టు వలె జాఱిపోవును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అణుబాంబునకై యురేనియమును శుద్ధి చేయుచు, గొట్టముల కీళ్లను తినివేయు ఘోరమైన వాయువునకు లొంగని వస్తు విదియే యని దానిని బిగింపులలో వాడిరి. 1945లో దానికి టెఫ్లాన్ అను వ్యాపారనామము వచ్చెను. మన రవ్వట్టు క్రిందికి వచ్చిన వస్తువు అణుబాంబు కర్మాగారము మీదుగా వచ్చినదన్న మాట!

అయితే ఏమియు నంటని వస్తువు లోహమునకు మాత్ర మేల యంటును? ఈ చిక్కును వంటపాత్రల విషయమున విప్పినవాడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు మార్క్ గ్రెగ్వార్. ఆయనకు చేపలు పట్టు వేడుక కలదు. గాలపు సామగ్రికి ఈ పూత పూసికొనుచుండెను. ఆ పూతను వంటపాత్రకు పూయరాదా యని సూచించినది ఆయన భార్య కొలెట్ అందురు. ఇది 1954 నాటి మాట. అల్యూమినియమును ఆమ్లముతో తినిపించి కంటికి గానరాని గుంటలు చేసి, పొడిని వానిలో దిగునట్లు పూసి, పెద్ద వేడిమిలో కాల్చిరి. పూత లోహమునకు అంటుకొనలేదు. గుంటలలో వ్రేళ్లు దన్నుకొని నిలిచినది. మన కళాయివాని నవాసారమునకును దీనికిని గల పోలిక చూచితిరా? పూత నిలుచుట యనునది పూతలో కంటె, దానికి ముందు లోహమునకు జరిగిన సంస్కారములోనే యున్నది. 1956లో ఆ దంపతులు టెఫాల్ అను సంస్థను స్థాపించిరి. 1960 డిసెంబరులో న్యూయార్కు నగరమున మేసీస్ అంగడిలో, పెద్ద మంచువాన గురియుచుండగా, 200 పెనములు చూచుచుండగనే అమ్ముడుపోయినవట.

మన దేశమున 1968లో ఔరంగాబాదున నిర్లేప్ అను పేర ఇట్టి పాత్రల తయారీ మొదలైనది. ఆ యూరు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఇప్పుడు దానిని ఛత్రపతి శంభాజీనగర మనుచున్నారు. ఆ పేరు పెట్టినవారికి నా నమస్కారము. లేపము లేనిది నిర్లేపము. వేదాంతులు ఆత్మకు వాడిన మాట అట్ల పెనమునకు చక్కగా నమరినది.

విషపు మాటకు వత్తము. ఇది పెనములో గాక కర్మాగారములో జరిగిన కథ. పూతను తయారు చేయునప్పుడు సబ్బు వలె కలుపుటకు పి.ఎఫ్.ఓ.ఏ. అను ద్రవ్యమును వాడెడివారు. పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున పార్కర్స్‌బర్గ్ సమీపమందలి డ్యూపాంట్ కర్మాగారమునుండి అది నీళ్లలో గలిసెను. ఒక పశుపోషకుని ఆవులు చచ్చుచుండగా, ఆయన పక్షమున 1999లో రాబర్ట్ బిలట్ అను న్యాయవాది వ్యాజ్యము వేసెను. పిదప ఇంచుమించు 69,000 మంది రక్తమును పరీక్షించిరి. ఆ ద్రవ్యమునకును మూత్రపిండముల క్యాన్సరు మొదలగు ఆఱు రోగములకును సంబంధము కలదని 2012 నాటికి శాస్త్రజ్ఞులు తేల్చిరి. 2017లో బాధితులకు 67 కోట్ల డాలర్లకు పైగా చెల్లించుటకు ఒడంబడిక జరిగెను. 2006లో కుదిరిన యేర్పాటు ప్రకారము ఎనిమిది పెద్ద సంస్థలు 2015 నాటికి ఆ ద్రవ్యమును మానివేసినవి. మన వేపుళ్లకై ఎక్కడనో యొక యేటి యొడ్డువారు రోగములు దెచ్చుకొనిరన్న మాట నన్ను మిక్కిలి బాధించినది. కావున కొనునప్పుడు పెట్టె మీద పి.ఎఫ్.ఓ.ఏ. లేదను మాట యున్నదో లేదో చూచుడు. ఇక పూత పెచ్చు కడుపులోనికి బోయినచో, అది దేనితోను గలియని వస్తువు గనుక అట్లే బయటికి బోవును. భయపడవలసినది పెచ్చునకు గాదు, వేడిమికి.

260 డిగ్రీలు దాటినది మొదలు పూత క్రమముగా చెడును. 350 దాటిన పిదప చెడ్డ పొగ లిడును. ఆ పొగకు పంజరములోని చిలుకలు చచ్చిపోవును. మనుష్యులకు జ్వరము వచ్చును. పెద్దమంట మీద నుంచిన ఉత్త పెనము కొలది నిమిషములలోనే అంత వేడెక్కగలదు. అట్టు వేయుటకు అందులో సగము కంటె కొంచె మెక్కువ చాలును. కావున పిండి సిద్ధముగా నుంచుకొని పొయ్యి వెలిగించుట, నడి మంట దాటకుండుట ముఖ్యము. కట్టెల పొయ్యి మీదికి ఈ పెనము నెక్కింపనే వలదు.

చవుక పెనమును కొనుట తప్పు గాదు. ఎంత వెల పెట్టినను ఈ పూత కొన్ని యేండ్లదే. కొలిమి పెట్టి మరల పూయుటకు వీధిలోనికి కళాయివాడు రాడు. అయితే రంగును గాక బరువును చూడవలయును. పలుచని రేకు పెనము ఒకచోట మాడ్చి వేఱొకచోట పచ్చిగా నుంచును, వంకర పోవును. అడుగున బద్ద నానించి సందులు లేకుండ గట్టిగా కూర్చున్నదేమో చూచుడు. వెలుతురునకు వంచి చూచిన పూత ఎగుడుదిగుడులు లేక యుండవలయును. పిడి మేకులతో బిగించినదై యుండవలయును. వంటపాత్రలపై ఐ.ఎస్.ఐ. ముద్రను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2024 మార్చిలో ఉత్తరువు చేసినది. ఆ ముద్రను అడుగుడు.

ఈ పెనమునకు ఇనుప అట్లకాడయే తొలి శత్రువు. కఱ్ఱ అట్లకాడ చేయించుకొనుడు. బూడిద, ఇసుక, ఇనుప పీచు తగిలింపక మెత్తని గుడ్డతో కడుగవలయును. కాగిన పెనము మీద చన్నీళ్లు పోసినచో చుయ్యిమని వినుటకు వేడుకగా నుండును గాని, లోహము వంకర పోయి పూత వ్రేళ్లు కదలును. చల్లాఱనిచ్చి కడుగుడు. ఒకదానిమీద నొకటి పెట్టునప్పుడు నడుమ పాత గుడ్డ వేయుడు. ఇంత చేసినను కొన్నాళ్లకు పూత లేచును. అప్పుడు దానిని పొయ్యి మీది నుండి దింపి కోళ్లకు గింజలు పోయుటకు పెట్టుకొనవచ్చును.

మా యింట రవ్వట్లకు ఈ నల్ల పెనము, పెసరట్టునకు మా యమ్మగారి నాటి ఇనుప పెనము. దానికి ఉల్లిపాయ చెక్క నూనెలో ముంచి రుద్దుటయే పూత. ప్రతిదినము వేయవలయును, ప్రతిదినము నిలుచును.